పద్నాలుగో నంబరు సీసా: ఎకైనస్ కాని ఎకైనస్

"సార్, ఇది ఎకైనస్ అయితే మా నాన్న వలలో పడేదేంది?"

బీఎస్సీ సెకండియర్ ప్రాక్టికల్ క్లాసులో ఒకమ్మాయి అడిగింది. వాళ్లది కావలి దగ్గర తుమ్మలపెంట, నాన్నకి ఫైబర్ బోటుంది. నేను కావలిలోనే ఒక డిగ్రీ కాలేజీలో 22 ఏళ్లుగా జువాలజీ చెబుతున్నాను, మ్యూజియం బాధ్యత కూడా నాదే, ఎందుకంటే ఆ తాళాలు ఇంకెవరూ తీసుకోరు. మ్యూజియం అంటే పెద్దగా ఊహించుకోకండి, రెండు అద్దాల బీరువాలు, ఒక చెక్క ర్యాకు, తలుపు తీయగానే కళ్లు మండించే ఫార్మలిన్ వాసన, అంతే. ఆ ర్యాకులో పద్నాలుగో నంబరు సీసాలో ఒక సీ అర్చిన్, అంటే ఒంటినిండా ముళ్లుండే గుండ్రటి సముద్రజీవి, ఉంటుంది. నేను ఉద్యోగంలో చేరకముందు ఎప్పుడో కొన్నది. లేబుల్ మీద ఎకైనస్ అని ఉంటుంది, సీ అర్చిన్లలో ఒక రకం పేరు అది. ఏటా స్పాటర్ల పరీక్షకి, అంటే చూసి గుర్తుపట్టి పేరు రాసే పరీక్షకి, ఆ సీసా టేబుల్ ఎక్కుతుంది, పిల్లలు ఎకైనోడర్మేటా వర్గం, ఎకైనాయిడియా విభాగం, అయిదు భాగాల సౌష్ఠవం, అరిస్టాటిల్ లాంతరు అని నాలుగు లైన్లు రాసి బొమ్మ గీసి మార్కులు పట్టుకుపోతారు. నేను చదువుకున్నప్పుడూ ఇదే తంతు, మా సార్లు చదువుకున్నప్పుడూ ఇదే అయుంటుంది.

ఆ సీసాలోది చూస్తే ఎవరికీ ముచ్చటెయ్యదు. బూడిద రంగు, సగం ముళ్లు రాలి సీసా అడుగున పొడిలా పేరుకున్నాయి, చూడ్డానికి ఎండిపోయి ముడుచుకున్న బత్తాయిలా ఉంటుంది. ఆ అమ్మాయికి వచ్చిన అనుమానం కూడా అక్కడే. వాళ్ల నాన్న వలలో పడేవాటికి రంగులుంటాయి, చారలుంటాయి, ఇంత అందవికారంగా ఉండవట.

"ఒకటి పట్రామ్మా చూద్దాం" అన్నాను. "తెస్తాను గానీ సార్, కంపు కొడితే నన్ను అనబాకండి" అంది.

ఇది ఈ జనవరి సంగతి. ఏం చేశామో, ఎక్కడ చెడగొట్టుకున్నామో, చివరికి ఏం తేలిందో మొత్తం రాస్తున్నాను, మీ కాలేజీలో కూడా ఇలాంటి సీసా ఒకటి ఉండే ఉంటుంది కాబట్టి.

బకెట్టు వచ్చిన రోజు

ఒకటి అడిగితే పదకొండు వచ్చాయి. పాత పెయింటు బకెట్టులో సగానికి సముద్రపు నీళ్లు, పైన తడి గోనెపట్టా, బండి మీద వాళ్ల నాన్నే తెచ్చాడు. ఆయన మొహంలో నవ్వు ఆగడం లేదు. "వల్లో ఈ ముళ్లుండలు పడితే విడదీయలేక చస్తాం సారూ, చేపకి లెక్కుండాది, రొయ్యకి లెక్కుండాది, దీనికి ఏం లెక్క? ఒడ్డునే పారేసి వస్తాం. మీరు బకెట్టు పంపిస్తే రోజూ తెస్తాను" అన్నాడు. వల నేలకి తగిలేలా వేసినప్పుడే ఇవి చిక్కుకుంటాయట. మన తీరమంతా ఇసక, బురద, రాళ్లు తక్కువ, కాబట్టి మనకి దొరికేవి ఇసకలో బురదలో బతికే రకాలే ఎక్కువ. నెట్‌లో వచ్చే ఫోటోల్లో పగడపు దిబ్బల మీద మూరెడు ముళ్లతో నల్లగా నిగనిగలాడేవి చూసి అవే సీ అర్చిన్లు అనుకునేవాళ్లు ఈ బకెట్టు చూస్తే కాస్త నిరాశ పడతారు, మొదటి పది నిమిషాలు.

పదకొండులో ఏడు బతికున్నాయి. తెల్ల ఎనామిల్ ట్రేలో అదే నీళ్లు పోసి వాటిని పెట్టి, ఫ్యాను ఆపేసి, పిల్లల్ని కదలొద్దన్నాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత ముళ్ల సందుల్లోంచి నూలుపోగుల్లాంటివి బయటికి రావడం మొదలుపెట్టాయి. అవి నాళికా పాదాలు, పుస్తకంలో బొమ్మగా గీసేవి. బొమ్మలో పొట్టిగా ముక్కల్లా ఉంటాయి గానీ బతికున్నదానికి అవి ముళ్లని దాటి ఇంకా పైకి సాగుతాయి, ఒక్కోదాని కొసన చిన్న బిళ్ల, ఆ బిళ్లతో నీళ్లలో తడుముకుంటూ ఊగుతుంటాయి. వందలకొద్దీ ఒకేసారి ఊగుతుంటే ట్రే చుట్టూ నిలబడ్డ పద్దెనిమిది మందిలో ఒక్కరూ మాట్లాడలేదు. మా బ్యాచ్‌కి అది రికార్డే.

ఒకదాన్ని తలకిందులు చేశాను. ఆ అమ్మాయి ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టింది. ముందు ఒక పక్క పోగులు నేలని పట్టుకున్నాయి, తర్వాత ఆ పక్క ముళ్లు వంగి దారిచ్చాయి, ఒళ్లంతా కొద్దికొద్దిగా ఒరిగింది, నిలువునా అంచు మీద ఒక క్షణం ఆగింది, తర్వాత మెల్లగా బోర్లా పడింది. నాలుగు నిమిషాల పైచిలుకు. తలా మెదడూ లేని జంతువు, దాని ఒంట్లో ఉన్నది నోటి చుట్టూ ఒక నాడీ వలయం, అందులోంచి అయిదు నాడులు. "దీనికి తెలుసా సార్ తలకిందులుగా ఉన్నానని?" అని ఒక అబ్బాయి అడిగితే నా దగ్గర పరీక్షకి పనికొచ్చే జవాబు మాత్రమే ఉంది.

10ఎక్స్ లెన్స్ తీసుకుని ముళ్ల మొదళ్ల దగ్గర చూడమన్నాను. ముళ్ల మధ్య సన్నటి కాడల మీద మూడు దవడల పటకార్లు ఉంటాయి, పెడిసిల్లేరియాలు అంటాం. తెరుచుకోవడం, టప్పున మూసుకోవడం. ఒంటి మీద పడే చెత్తని, కాపురం పెట్టాలని వచ్చే చిన్న జీవుల్ని తీసిపారేసే పనివాళ్లు అవి. 18వ శతాబ్దంలో మొదటిసారి వాటిని చూసినవాళ్లు ఇవి అర్చిన్ మీద బతికే వేరే పరాన్నజీవులు అనుకున్నారు. ఆ పొరపాటుని నేను తప్పు పట్టను. లెన్స్‌లో చూస్తే నిజంగానే ఎవరి పని వాళ్లు చేసుకునే చిన్న చిన్న పురుగుల్లా ఉంటాయి.

ఆ రోజు సాయంత్రం నేను రంగుని బట్టి మూడు కుప్పలు చేశాను. మొదటి కుప్ప, ముళ్ల మీద ముదురు మెరూన్, మీగడ రంగు పట్టీలు ఒకదాని తర్వాత ఒకటి, వెంకటగిరి చీర అంచులో పోగు మార్చి నేసినట్టు. రెండో కుప్ప, లేత ఆకుపచ్చ ముళ్లు, పట్టీలు ఉన్నాయా లేవా అన్నట్టు. మూడో కుప్ప, ఒళ్లు పెద్దది, ముళ్లు పొట్టి, మొదట్లో ఎర్రగా పైకి పోయేకొద్దీ పసుపు. మూడు కుప్పలు, మూడు జాతులు, అంత తేలికా అనుకున్నాను. రిజిస్టర్లో పెన్సిల్‌తో రాసుకున్నాను కూడా. పెన్సిల్ కాబట్టి బతికిపోయాను.

చెడగొట్టింది నేనే

అర్చిన్ని పేరు పెట్టి పిలవాలంటే ముళ్లు తీసేసి లోపలి గుల్ల చూడాలి. చచ్చిపోయిన నాలుగింటితో మొదలుపెట్టాను. పద్ధతి అందరికీ తెలిసిందే, మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు వదిలించి, బట్టలకి వాడే బ్లీచ్‌ని నీళ్లతో సగానికి సగం పలచన చేసి అందులో వేసి, పక్కనే కూర్చుని, ముళ్లు వదులుకాగానే తీసి మెత్తటి బ్రష్‌తో రుద్దడం. ఈ వాక్యంలో ముఖ్యమైన మాట పక్కనే కూర్చోవడం.

నేను కూర్చోలేదు. శుక్రవారం సాయంత్రం బ్లీచ్‌లో వేశాక మీటింగ్ అని పిలిచారు, అటునుంచి అటే ఇంటికి పోయాను, మర్నాడు రెండో శనివారం, ఆ తర్వాత ఆదివారం. సోమవారం పొద్దున ల్యాబ్ తీసిన అటెండర్ ఫోన్ చేశాడు. "సార్, మీ గుడ్లు పగిలినయ్."

మూడు పూర్తిగా విడిపోయాయి. గిన్నె అడుగున తెల్లటి పలకలు, పొరక పుల్లల్లా ముళ్లు, మధ్యలో దవడ ముక్కలు, అంతా కలగాపులగం. అర్చిన్ గుల్ల గుడ్డు పెంకులా ఏకంగా పోతపోసింది కాదు, వందల చిన్న పలకల్ని సన్నటి ప్రోటీన్ పోగులతో కుట్టినట్టు ఉంటుంది, బ్లీచ్ ముందు ముళ్ల కండరాన్ని తింటుంది, ఇంకా వదిలేస్తే ఆ కుట్లని తింటుంది. పైగా రంగు మొత్తం పోయింది. మెరూన్ లేదు, మీగడ లేదు, అన్నీ సుద్దముక్కలే. ఆ అమ్మాయి ముందే చెప్పింది, ఫోటోలు తీసుకుందాం సార్ అని. రేపు తీద్దాంలే అన్నాను. బతికున్న ఏడింటిలోనూ అప్పటికి మూడే మిగిలాయి, వాటికి మాత్రం తెల్ల కాయితం మీద స్కేలు పెట్టి పై నుంచి, కింది నుంచి, పక్క నుంచి ఫోటోలు తీశాకే చేయి వేశాం.

పగిలినవాటిని పారబోయనివ్వలేదు ఆ అమ్మాయి. నల్ల చార్టు పరిచి, రెండు మధ్యాహ్నాలు కూర్చుని, పలకలు ఏరి వరసలు కట్టింది. అప్పుడు కనబడింది, పుస్తకంలో ఏళ్లుగా నేను నోటితో చెబుతున్నదే, పలకలు మొత్తం 20 వరసలు. పది వరసల పలకలకి చిల్లులున్నాయి, పది వరసలకి లేవు. చిల్లులు జంటలుగా ఉంటాయి, ఒక్కో నాళికా పాదానికి రెండేసి. చిల్లులున్న వరసలు రెండు, లేనివి రెండు, మళ్లీ ఉన్నవి రెండు, అలా అయిదు సార్లు తిరిగితే ఒక అర్చిన్. గుల్ల నెత్తి మీద పది పలకలు పువ్వులా అమరి ఉంటాయి, అయిదు జననాంగ పలకలు, అయిదు నేత్ర పలకలు, ఆ జననాంగ పలకల్లో ఒకటి జల్లెడలా ఉంటుంది, నీళ్లు లోపలికి పోయే దారి అది. దవడ, అదే అరిస్టాటిల్ లాంతరు, 40 ముక్కలు ఉండాలి. మాకు 37 దొరికాయి. మిగతా మూడు సింకులో పోయుంటాయి.

నాలుగోది మాత్రం పగల్లేదు, ఎందుకో తెలీదు, బహుశా గిన్నెలో పైన తేలి ఉంటుంది. దాన్ని కడిగి నీడలో ఆరబెట్టి లెన్స్ కింద పెట్టాను.

గుంటలు

పలకకీ పలకకీ మధ్య అతుకుల్లో గుంటలు. గీతలు కాదు, నిజంగా ఉలితో లోతుగా తీసినట్టు, కోణాలు తేలిన గుంటలు, పై నుంచి కింది దాకా వరసగా. ఉదయగిరి చెక్క గరిటెల కాడ మీద నగిషీ తీస్తారు చూడండి, అచ్చం ఆ పనితనం. బతికున్నప్పుడు పైన చర్మం కప్పి ఉంటుంది కాబట్టి ఏమీ కనబడదు, ముళ్లన్నీ పోయాక బయటపడేది. నేను అయిదు నిమిషాలు ఎవరికీ ఇవ్వకుండా నేనే చూశాను. ఈ గుంటలు టెమ్నోప్లూరిడే కుటుంబం గుర్తు, ఇంత లోతుగా ఉంటే టెమ్నోప్లూరస్. ఆ పేరుకే అర్థం కోసిన పక్కలు అని. మన తీరంలో దొరికేది టెమ్నోప్లూరస్ టోర్యుమాటికస్, 1778లో లెస్కె అనే శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరు, గ్రీకులో టోర్యుమా అంటే చెక్కడపు పని. పేరు పెట్టినాయన కూడా ముళ్లు తీసేసిన గుల్లనే చూసి ముచ్చటపడి ఉంటాడని నా అనుమానం.

తర్వాత, ఈసారి పక్కనే స్టూలు వేసుకుని, పావుగంటకోసారి తీసి చూస్తూ మిగతావి శుభ్రం చేశాం. మెరూన్ పట్టీల కుప్పలోదానికి లోతు గుంటలు. లేత ఆకుపచ్చ కుప్పలోదానికీ అవే లోతు గుంటలు, అవే కొలతలు. అంటే నా మొదటి రెండు కుప్పలూ ఒకటే జాతి, రంగు మారింది అంతే, మనలో చామనఛాయ, తెలుపు ఉన్నట్టు. మూడో కుప్పలోదానికి గుంటలు సూదిమొన పెట్టి పొడిచినట్టు చిన్నవి, పలకల మూలల్లో మాత్రమే, గుల్ల లేత ఆకుపచ్చ, అది సాల్మాసిస్, అదే కుటుంబంలో ఇంకో ప్రజాతి (జీనస్). దానికి ప్రజాతి దాకానే లేబుల్ రాశాను, ఒక్క గుల్ల చూసి జాతి పేరు కూడా రాసేయడం నాకిష్టం లేదు. రంగుని నమ్మి మూడన్నవాణ్ణి నేనే కదా.

కజ్జికాయ అంచు

మరి ఎకైనస్ సంగతి? ముల్లు ఊడిన చోట గుల్ల మీద గుండ్రటి బొడిపె ఉంటుంది, దాని మీద ముల్లు గిన్నెలా కూర్చుని అన్ని వైపులకీ తిరుగుతుంది, మన భుజం కీలులాగే. ఆ బొడిపె చుట్టూ ఒక చిన్న గట్టు. టెమ్నోప్లూరస్‌కీ సాల్మాసిస్‌కీ ఆ గట్టు అంచు కజ్జికాయ అంచు మడిచినట్టు నొక్కులు నొక్కులుగా ఉంటుంది. ఎకైనస్‌కి నున్నగా ఉంటుంది. ఇది కుటుంబాల్ని విడదీసే గుర్తు, రంగులాగా మారేది కాదు. ల్యాబ్ డిసెక్షన్ మైక్రోస్కోపులో మా రెండు రకాలకీ నొక్కులు స్పష్టంగా కనబడ్డాయి.

అప్పుడు ఆ అమ్మాయి నేను అనుకుంటూ పైకి అనని మాట అంది. "సీసాలోది కూడా చూద్దాం సార్."

పద్నాలుగో నంబరు సీసా మూత తీయడానికి స్పానరు కావాల్సి వచ్చింది. ఫార్మలిన్ పాతబడితే ఆమ్లమవుతుంది, అర్చిన్ గుల్ల కాల్షియం కార్బొనేటు, ఇన్నేళ్లూ మేం దాన్ని భద్రపరచడం లేదు, కొంచెం కొంచెంగా కరిగిస్తున్నాం. పై భాగమంతా అరిగి నున్నబడింది. నీళ్లలో రెండ్రోజులు కడిగి, నోటి వైపు, సీసా అడుగుకి ఆనుకుని ఉన్న చోట, పాచిలాంటి పొర తీస్తే నాలుగు బొడిపెలు బాగానే ఉన్నాయి. మైక్రోస్కోపులో పెట్టి ఫోకస్ తిప్పాను.

కజ్జికాయ అంచు. నాలుగింటికీ. అతుకుల మూలల్లో, అరిగిపోగా మిగిలిన గుంటల ఆనవాళ్లు.

అంటే ఇన్నేళ్లూ మేం ఎకైనస్ అని చూపించింది ఎకైనస్ కానే కాదు, ఆ కుటుంబమే కాదు. మన సముద్రంలోదే, ఏ మద్రాసు స్పెసిమెన్ల వ్యాపారో మన వైపు తీరంలో పట్టినవాటికి పాఠ్యపుస్తకంలో ఉన్న పేరు అతికించి అమ్మి ఉంటాడు. ఎకైనస్ ఎస్క్యులెంటస్ అని 1758లో లిన్నేయస్ పేరు పెట్టినది నార్వే నుంచి పోర్చుగల్ దాకా చలి నీళ్లలో ఉండే జంతువు, గులాబీ ఎరుపు గుల్ల, పెద్దదైతే 15 సెంటీమీటర్ల పైనే వస్తుంది. బంగాళాఖాతం మొహం చూడలేదు. ఇంగ్లండువాళ్ల పుస్తకాల్లో వాళ్ల ఒడ్డున దొరికేది ఉదాహరణగా ఇచ్చారు, అది న్యాయమే. మనం ఉదాహరణ మార్చుకోకుండా సీసా మీద పేరు మార్చుకున్నాం. మనవాళ్లు పని చేయలేదా అంటే చేశారు, 1935లోనే మద్రాసులో ఆర్. గోపాల అయ్యర్ సాల్మాసిస్ బైకలర్ గుడ్డు దశ నుంచి రూపపరివర్తన దాకా ఎదుగుదలని అధ్యయనం చేసి ప్రచురించారు. మన తీరంలోని అర్చిన్ మీద, మన పక్క ఊళ్లో జరిగిన పని. ఆ పేరు నేను డిగ్రీలో వినలేదు, పీజీలో వినలేదు. అండం కేంద్రకం, శుక్రకణం కేంద్రకం కలిసిపోవడం 1876లో హెర్ట్‌విగ్ అనే శాస్త్రజ్ఞుడు అర్చిన్‌లో చూపించిన సంగతి మాత్రం మూడు క్లాసుల్లో మూడుసార్లు చదివాను.

ఇంకా ఎన్ని రకాలు

ఇది తేలాక క్లాసుకి ఊపొచ్చింది. ఒక గంట ప్రొజెక్టర్ పెట్టి మిగతా ప్రపంచం చూపించాను. ఇప్పుడు బతికున్న సీ అర్చిన్ జాతులు 950 దాకా, వాటి వంశం దాదాపు 45 కోట్ల ఏళ్లది. పిల్లలకి బాగా నచ్చింది బలపం అర్చిన్, ముళ్లు చిటికెనవేలంత లావు, మొద్దుగా ఉంటాయి, ఒకప్పుడు వాటితో పలక మీద రాసేవాళ్లు, ఆ పేరే ఉండిపోయింది. పువ్వు అర్చిన్ దానికి ఎదురు, ముళ్లు పొట్టి, వాటి పైకి పెడిసిల్లేరియాలు విచ్చుకుని ఒళ్లంతా గులాబీ తెలుపు పూలు పూసినట్టు ఉంటుంది, విషమంతా ఆ పూలలోనే. మేం ట్రేలో లెన్స్ పెట్టి చూసిన పటకార్లే అవి, ఇంత పెద్దవైతే ఎలా ఉంటాయో అలా. అమెరికా పడమటి తీరంలో ఎర్ర అర్చిన్లు నూరేళ్లు దాటి బతుకుతాయి, కొన్ని 200 ఏళ్ల దాకా అని 2003లో లెక్క తేల్చారు, అణుపరీక్షల నుంచి సముద్రంలో చేరిన కార్బన్ ఆధారంగా. "అంటే సార్, బ్రిటిషోళ్లు పోయింది కూడా దానికి మొన్నే" అన్నాడొకడు.

ఈ సంగతులు ఆ అమ్మాయి ఇంట్లో చెప్పిందేమో, మర్నాడు వాళ్ల నాన్న కాయితం పొట్లంలో ఇసక బిళ్ల పంపించాడు, పిల్లలు మైపాడు బీచ్‌లో ఏరుకునే తెల్లటి బల్లపరుపు బిళ్లలే. అది కూడా సీ అర్చినే అంటే చాలామంది నమ్మరు. బతికున్నప్పుడు దాని ముళ్లు మఖమల్ గుడ్డ మీద నూగంత. బిళ్ల వీపు మీద అయిదు రేకులుంటాయి, నందివర్ధనం పువ్వు ఒత్తినట్టు, ఆ రేకుల చిల్లుల్లోంచి వచ్చే పాదాలతోనే అది ఊపిరి పీలుస్తుంది. ఇసకలో పూర్తిగా దూరి బతికే గుండె ఆకారపు అర్చిన్లు ఇంకో అడుగు ముందుకెళ్లి దవడే వదిలేసుకున్నాయి. అంటే, సీ అర్చిన్ అనగానే అరిస్టాటిల్ లాంతరు అని రాసి మార్కులు తెచ్చుకునే వాక్యం అన్నిటికీ వర్తించదు.

లాంతరంటే గుర్తొచ్చింది. ప్రొజెక్టర్ ఆపాక గది చీకటిగానే ఉంది. ఆ పగలని టెమ్నోప్లూరస్ గుల్లని ఫోన్ టార్చి మీద బోర్లించాను. జంట చిల్లులన్నిటిలోంచి ఒకేసారి వెలుగు వచ్చింది, నెత్తి నుంచి కిందికి పది చుక్కల గీతలు, గుంటల దగ్గర పెంకు పలచన కాబట్టి అక్కడ నారింజ రంగు మెరుపు. అరిస్టాటిల్ లాంతరన్నది దవడని కాదు, మొత్తం గుల్లనే అని వాదించే పండితులున్నారు. వాదన ఎటు తేలినా నాకు అభ్యంతరం లేదు, నేను ఆ గదిలో వాళ్ల పక్షం చేరిపోయాను.

పరీక్ష

మార్చిలో ప్రాక్టికల్స్. పాత సీసాకి బదులు కొత్త గుల్లని దూది మీద పెట్టి, పక్కన ముళ్లతో ఉన్నప్పటి ఫోటో పెట్టాను. ఎక్స్‌టర్నల్ వచ్చినాయన టేబుల్ చుట్టూ ఒక రౌండు వేసి, "ఇదేంటండీ, ఎకైనస్ లేదా?" అన్నారు. ఉందనుకున్నది ఎకైనస్ కాదని చెప్పాను. "పిల్లలు ఎకైనస్ అని రాస్తే?" అన్నారు. సగం మార్కులు వేద్దాం అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, సిలబస్‌లో ఏముందో అదే లెక్క అన్నారు, ఆయన ఇబ్బంది ఆయనది, కాదనను. కాసేపు గుంజులాడుకుని చివరికి రెంటికీ పూర్తి మార్కులే అని తేల్చుకున్నాం. పద్దెనిమిది మందిలో పన్నెండుమంది టెమ్నోప్లూరస్ అని రాశారు. ఆ అమ్మాయిని వైవాలో ఆయన అడిగారు, ఎట్లా చెప్పగలవమ్మా అని. లెన్స్ ఆయన చేతికిచ్చి బొడిపె దగ్గర చూడమంది. ఆయన వంగి చూశారు, కళ్లజోడు తీసి మళ్లీ చూశారు. ఏమీ అనలేదు. పోయేముందు మాత్రం నా దగ్గరకొచ్చి, వాళ్ల కాలేజీ సీసాలో కూడా చూస్తానన్నారు.

ల్యాబ్ నడిపేవాళ్లకి నా తరఫున రెండు మాటలు. అర్చిన్లని ఫార్మలిన్‌లో ఉంచకండి, 70 శాతం ఆల్కహాల్‌లో పెట్టండి, లేదా ఎండు గుల్లగా ఉంచండి, ఫార్మలిన్ తప్పదనుకుంటే కనీసం బోరాక్స్ కలపండి. ఎండు గుల్ల మీద తెల్ల జిగురు బాగా పలచన చేసి ఒక పూత పూస్తే చేతులు మారినా తట్టుకుంటుంది. ఏ ఊరి వలలో, ఏ తేదీన, ఎంత లోతులో దొరికిందో లేబుల్ మీద ఉండాలి, మా పాత లేబుల్ మీద ఆ మూడింటిలో ఒక్కటి ఉన్నా ఈ కథ ఎప్పుడో ముగిసేది. బ్లీచ్ గురించి మళ్లీ చెప్పను.

రిజిస్టర్లో 14కి ఎదురుగా ఎకైనస్ కొట్టేసి టెమ్నోప్లూరిడే కుటుంబం అని రాశాను, పాత సీసాలోదాన్ని అలాగే ఉంచాను, అరిగిన గుల్ల ఎలా ఉంటుందో చూపించడానికి. కొత్తది 14ఏ, సాల్మాసిస్ 14బి, ఇసక బిళ్ల 14సి, నల్ల చార్టు మీద అతికించిన పలకలు 14డి.

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలైంది, 61 రోజులు బోట్లు ఒడ్డునే. నేను తుమ్మలపెంట వెళ్లినప్పుడు ఆ అమ్మాయి నాన్న వేపచెట్టు కింద వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లోపలికి కేకేసి అగ్గిపెట్టె ఒకటి తెప్పించాడు. "వల ముడుల్లో ఇరుక్కోనుండేవి సారూ, ముడి ఇప్పినప్పుడల్లా ఒకటి వస్తా ఉండాది. పారేద్దామనుకున్నా, పాప వద్దనింది."

లోపల నలభై యాభై విరిగిన ముళ్లు. చాలావరకు పట్టీలున్నవే, మెరూన్, మీగడ. వాటి అడుగున ఒకటి వేరుగా ఉంది, అగ్గిపుల్లకి మూడింతల లావు, ఒంటినిండా చిన్న చిన్న గరుకు ముళ్లు, మధ్యలో సన్నటి పురుగు గూడు ఒకటి మెలికలు తిరిగి అతుక్కుని ఉంది. మిగతా అర్చిన్ల ముళ్ల మీద చర్మం ఉంటుంది, ఏదీ వచ్చి అతుక్కోనివ్వదు. సిడారిడ్‌లు అని పాత వంశం ఒకటుంది, వాటి పెద్ద ముళ్ల మీద చర్మం ఉండదు, అందుకే పురుగులు, నాచు, స్పాంజీలు దాని మీద ఇల్లు కట్టుకుంటాయి.

"ఇది ఎక్కడ పడింది?" అన్నాను.

ఆయన ముల్లుని వేళ్ల మధ్య తిప్పి చూశాడు, సముద్రం వైపు చూశాడు. "లోతులోది సారూ. ఆ పక్కకి జూన్ తర్వాతే పోతాం."

రిజిస్టర్లో 15 నంబరు ఖాళీగా ఉంది.